వచ్చి చెప్పనివాళ్లు

అంబదాస్ గొంతు బాగుంటుందని మెట్‌పల్లిలో అతని చిన్నప్పటి నుంచీ అనుకునేవారు. మగ్గం మీద బతికిన తండ్రికి కొడుకు చేతుల మీద నమ్మకం లేదు గానీ గొంతు మీద ఉండేది. అంబదాస్ ఉర్దూలో మెట్రిక్ చదివాడు, తెలుగు చదవడం ఆ తర్వాత తనంతట తాను నేర్చుకున్నాడు. చివరికి ఆ గొంతు వల్లనే కరీంనగర్‌లో ప్రభుత్వ ప్రచార వ్యాన్ మీద అనౌన్సర్ ఉద్యోగం దొరికింది. టెంపరరీ ఉద్యోగం. చేరిన నాడు ఎంత టెంపరరీయో, పెళ్లయి పిల్లలు బడికి పోతున్న నాటికీ అంతే.

అంగడి జరిగే ఊళ్లకు వ్యాన్ పోయేది. డ్రైవర్ బుచ్చిరాములు రెండు గుంజలకు తెర కట్టేవాడు. చీకటి పడగానే సినిమా. అంతకుముందు అంబదాస్ మైకు పట్టుకుని ప్రభుత్వం చెప్పమన్న సంగతులు చెప్పేవాడు. హైదరాబాద్ నుంచి వచ్చే కాగితంలో తెలుగు బరువుగా ఉండేది. అది ఉన్నదున్నట్టు చదివితే ముందు వరుసలోనివాళ్లు కూడా పక్కకు తిరిగి మాట్లాడుకునేవారు. అందుకని అతను దాన్ని ఊరి మాటల్లో పెట్టి చెప్పేవాడు.

చెప్పవలసినవాటిలో అతనికి అన్నిటికంటే విసుగు పుట్టించేది కొలువుల సంగతి. ప్రభుత్వం ఇన్ని కొలువులొస్తాయని ముందు చెబుతుంది. ఏడాది తిరిగాక అన్ని రాలేదని తేలుతుంది. ఎందుకు రాలేదో అంబదాస్ చెప్పాలి. చైనాతో యుద్ధం జరిగిన ఏడు యుద్ధం వల్ల రాలేదని చెప్పాడు. పాకిస్తాన్ యుద్ధమప్పుడూ అదే చెప్పాడు. ఆ పైన వానలు లేక, ఆ పైన రూపాయి విలువ తగ్గించినందువల్ల. పని కావాలని సర్కారు ఉపాధి ఆఫీసులో పేరు రాయించుకున్నవాళ్లు పెరిగితే, జనంలో తెలివి పెరిగి ఆఫీసు దాకా వస్తున్నారని, అది మంచి గుర్తని చెప్పాడు. మరుసటి ఏడు వాళ్ల సంఖ్య తగ్గింది. అదీ మంచి గుర్తేనని చెప్పాడు. వినేవాళ్లు ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. తెర వైపు చూస్తూ, బీడీ కాల్చుకుంటూ కూర్చునేవారు. ఇంటికి పోయాక భార్య అనసూర్య వేడినీళ్లు పెడితే స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు. ఆ రోజుకు మాట్లాడవలసిందంతా అయిపోయినట్టుండేది.

పందొమ్మిది వందల అరవై ఏడులో ఎన్నికలు జరిగాయి. వాటికి ముందు ఇచ్చిన మాటలు పెద్దవి. చలికాలం వచ్చేసరికి జిల్లా లెక్క బయటపడింది. ఉపాధి ఆఫీసు ద్వారా పనిలో చేరినవాళ్లు చెప్పినదాంట్లో సగం కూడా లేరు. పత్రికలు అది వేశాయి. అసెంబ్లీలో అడుగుతారని అనుకుంటున్నారు. అప్పటికి కొత్త కాగితం ఇంకా రాలేదు కాబట్టి, అంబదాస్ పాత మాటలతోనే ఊళ్లు తిరుగుతున్నాడు.

ఆ వారం మెట్‌పల్లి అంగడి. చెప్పవలసింది చెప్పి మైకు కింద పెట్టేసరికి అక్క కిష్టవ్వ వ్యాన్ పక్కన నిలబడి ఉంది. ఆమె మొగుడు హనుమండ్లు మొదట మగ్గం నేసేవాడు, తర్వాత ఒక సేటు షెడ్డులో కరెంటు మగ్గాలు కూలికి నడిపాడు. నూలు ధర పెరిగి సేటు షెడ్డుకు తాళం వేశాడు. హనుమండ్లు ఎన్నడో ఉపాధి ఆఫీసులో పేరు రాయించుకున్నాడు గానీ, గడువు తీరాక మళ్లీ పోయి కార్డు మార్పించుకోలేదు. బస్సు కిరాయి పెట్టుకుని కరీంనగర్ పోయి ఏం లాభమన్నాడు. వానలు తగ్గగానే ఆసిఫాబాద్ దిక్కు పనులున్నాయని విని పోయాడు. పోయి నెలలు దాటుతున్నా ఇంటికి ఒక్క ఉత్తరం రాయలేదు. కిష్టవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

ఆమె తమ్ముణ్ని అడిగింది ఒక్కటే. "తమ్మీ, నువ్వు చెప్పిన లెక్కల మీ బావ యాడున్నడు? పని దొరికినోళ్లల్లనా, దొరకనోళ్లల్లనా?"

అంబదాస్ ఆలోచించి చెప్పాడు. కార్డు మార్పించుకోలేదు కాబట్టి పేరు కొట్టేసి ఉంటారు, అందుకని దొరకనివాళ్లలో లేడు. ఆఫీసు పంపిన పని కాదు కాబట్టి దొరికినవాళ్లలోనూ లేడు. కిష్టవ్వ తల ఊపింది. కోపం తెచ్చుకోలేదు. గిన్నెలో తెచ్చిన శనగ గుడాలు తమ్ముడికి, డ్రైవర్‌కు పెట్టి, చీకటి పడకముందే ఇంటికి పోయింది.

రెండు రోజులకు ఆఫీసర్ కోదండరామయ్య గారు అంబదాస్‌ను గదిలోకి పిలిచారు. ఆయనది తెనాలి దగ్గర ఊరు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, ఉబ్బసం ఉంది, ఎవరినీ గట్టిగా కసరరు. పైనుంచి మూడుసార్లు ఫోను వచ్చిందని, లెక్క ఎందుకు తగ్గిందో జనానికి నచ్చేలా ఒక వివరణ కావాలంటున్నారని చెప్పారు. యుద్ధం ఈ ఏడు లేదు. వానలు పరవాలేదు. రూపాయి సంగతి పోయినసారి వాడేశారు.

"మీరు ఊళ్లు తిరుగుతారు కదా. ఏదైనా తోస్తే నాలుగు ముక్కలు రాసివ్వండి. నాకు బుర్ర పనిచేయడం లేదు" అన్నారు.

అంబదాస్ తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్క అడిగిన మాట మనసులో మెదులుతూనే ఉంది. బావ ఎక్కడో పనిచేసుకుంటున్నాడు, ఆ సంగతి ఏ ఆఫీసుకూ తెలియదు. అలాంటివాళ్లు ఇంకా ఉంటారు కదా. ఎక్కువ ఆలోచించకుండా రాసేశాడు. మన జిల్లా మనుషులు చాలామంది ఆదిలాబాద్ దిక్కు మిల్లులలో, గనులలో సొంతంగా పని వెతుక్కున్నారు. పని దొరికినవాళ్లు ఆఫీసుకు వచ్చి చెప్పరు. వచ్చి చెప్పనివాళ్లను కలుపుకుంటే లెక్క తగ్గినట్టు కాదు, పెరిగినట్టు.

కోదండరామయ్య గారు చదివి కళ్లజోడు తీశారు. బాగుందన్నారు. అయితే ఎంతమందో ఎవరికీ తెలియదు కదా అని అంబదాస్ అంటే, తెలియకపోవడమే ఇందులో సుఖమన్నారు. కాగితం ఆ మధ్యాహ్నమే హైదరాబాద్ పోయింది.

ఆ మాట అందరికీ తెగ నచ్చింది. అసెంబ్లీలో జవాబుగా అదే చెప్పారు. రేడియో వార్తల్లో వచ్చింది. వేరే జిల్లాల ప్రచార కాగితాల్లో కూడా వచ్చింది. తను రాసిన ముక్కలు అచ్చులో పడి తిరిగి తన చేతికే రావడం, వాటిని తనే మైకులో చదవడం అంబదాస్‌కు చిత్రంగా ఉండేది. మొదట కొంచెం గర్వం కలిగింది. నాలుగైదు అంగళ్లు తిరిగేసరికి అది కూడా యుద్ధం, వానల లాగే నోట్లో అరిగిపోయింది.

సంక్రాంతి దాటిన వారంలో జగిత్యాలలో మంత్రి సభ పెట్టాలనుకున్నారు. అలా సొంతంగా పని దొరికినవాళ్లను ఒకరిద్దరిని వేదిక మీద చూపిస్తే బాగుంటుందని పైనుంచి మాట వచ్చింది. కోదండరామయ్య గారు మళ్లీ అంబదాస్‌నే పిలిచారు. ఆ వివరణ రాసేటప్పుడు ఎవరో ఒకరు మనసులో ఉండే ఉంటారు కదా, ఆ మనిషిని తీసుకురమ్మన్నారు. లేరనడానికి అంబదాస్‌కు నోరు రాలేదు. ఆ ఏడు టెంపరరీవాళ్లను పర్మనెంటు చేస్తారన్న మాట ఒకటి ఆఫీసులో తిరుగుతోంది కూడా.

పెద్దపల్లిలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లో దిగాడు. బావ పని చేసే చోటు కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెదురు కొట్టి పంపే గుత్తేదారు ఒకడు అడవిలో కూలీలను దింపాడని, మెట్‌పల్లి మనిషి ఒకడు వాళ్లలో ఉన్నాడని చాయ దుకాణంలో చెప్పారు. వెదురు కోసం పోతున్న ఖాళీ లారీ ఎక్కి వెళ్లాడు.

హనుమండ్లు వెదురు కొట్టడం లేదు. మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని పెద్ద డేగిసాలో జొన్న గట్క కలుపుతున్నాడు. నేతపని చేసినవాడి చేతులకు కత్తి వేటు కుదరలేదు. వచ్చిన మొదటి వారంలోనే వేలు తెగింది, వాచింది. గుత్తేదారు పంపేయబోతే తోటి కూలీలు అడ్డుపడి, మాకు వండిపెట్టనీ అన్నారు. అప్పటి నుంచి కూలీలకు వంట, నీళ్లు మోయడం. తిండి పోను చేతికి వచ్చేది దాదాపు ఏమీ లేదు.

బావమరిదిని చూసి హనుమండ్లు లేచి నిలబడ్డాడు. ముందు ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగాడు. ఏమీ కాలేదని తెలిశాక కూర్చోబెట్టి గట్క పెట్టాడు. ఇంటికి ఒక ఉత్తరం ఎందుకు వేయలేదని అంబదాస్ అడిగాడు.

"ఏమని ఎయ్యాలె? జాబు రాకుంటె పని దొరికిందనుకుంటది మీ అక్క. గట్లనే అనుకోనీయి."

అంబదాస్ వచ్చిన పని చెప్పడానికి చాలాసేపు పట్టింది. మంత్రి సభ, వేదిక, వచ్చి చెప్పనివాళ్లు, అన్నీ చెప్పాడు. తన ఉద్యోగం సంగతీ దాచలేదు. హనుమండ్లు పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ విన్నాడు.

"పని దొరికిందని చెప్పాలె. గంతే గదా?"

"గంతే బావా."

"దొరికింది. అబద్ధమేమున్నది? వండుడు గూడ పనే."

"వండుడని అనకు. మిల్లుకు వెదురు పంపే కాడ చేస్తున్న అను."

హనుమండ్లు డేగిసాను పొయ్యి మీది నుంచి దించాడు. తర్వాత రైలు టికెట్టు ఎవరిస్తారని అడిగాడు. ఆఫీసు ఇస్తుందని అంబదాస్ చెప్పాడు.

"మెట్‌పల్లి దాంక ఇస్తరా?"

"ఇస్తరు."

"అయితె వస్త. పిల్లల్ని సూసినట్టయితది."

జగిత్యాల సభకు జనం బాగా వచ్చారు. మెట్‌పల్లి నుంచి కూడా లారీల్లో తీసుకొచ్చారు. అంబదాస్ మైకులో హనుమండ్లును పరిచయం చేశాడు. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పి, మగ్గాలు ఆగిపోయినా ధైర్యం విడవకుండా పోయి కాగజ్‌నగర్‌లో పని సంపాదించిన మనిషి అన్నాడు. ఆ మాటలు అతని గొంతులో నిజం లాగే వినిపించాయి. ఉతికిన అంగీ తొడుక్కున్న హనుమండ్లు మైకు ముందుకు వచ్చి, నేర్పింది నేర్పినట్టు చెప్పి, మంత్రికి దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. మంత్రి అతని మెడలో దండ వేశాడు. చప్పట్లు కొట్టారు. అంతా చాలా తొందరగా అయిపోయింది.

అందులో చెడు జరిగిందని ఎవరికీ అనిపించలేదు. అంబదాస్ ఆ సాయంత్రం బావతో కలిసి మెట్‌పల్లి పోయాడు. పిల్లలు తండ్రిని వదల్లేదు. కిష్టవ్వ కోడిని కోసింది.

తెల్లవారి ఇంకా చాయ తాగకముందే వాకిట్లో మనుషులు. సేటు షెడ్డులో హనుమండ్లుతో పాటు మగ్గాలు నడిపినవాళ్లు, పక్క వాడవాళ్లు. వాళ్లలో సాంబయ్య ముందున్నాడు. మాట నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. మళ్లీ ఎప్పుడు పోతున్నావు, మమ్మల్ని కూడా తోలుకపో అన్నారు. ఒకరిద్దరు అప్పటికే దుప్పట్లు మూట కట్టుకున్నారు.

హనుమండ్లు బావమరిది ముఖం చూశాడు. అంబదాస్ తల దించుకున్నాడు. అప్పుడు హనుమండ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వెదురు కొట్టే పని మనవల్ల కాదు, నేను వంట చేస్తున్నాను, అక్కడ మనకు పని లేదు.

వాళ్లు నమ్మలేదు. సాంబయ్య కోపంగా కూడా అనలేదు. "వంటోనికి మంత్రి దండేస్తడానె? నీ బామ్మర్ది సర్కార్ల ఉన్నడు, నీకు దొరికింది. మాకు చెప్పబుద్ధయితలేదు నీకు" అన్నాడు.

అంబదాస్ కూడా చెప్పి చూశాడు. బావ చెప్పింది నిజమన్నాడు. నిన్న వేదిక మీద చెప్పింది కూడా నువ్వే కదా అని వాళ్లు అతని వైపు చూశారు. అంగడి మరునాడు బయలుదేరుతామని, నువ్వు రాకపోతే మేమే దారి అడుగుతూ పోతామని చెప్పి వెళ్లిపోయారు.

కిష్టవ్వ దర్వాజా దగ్గర చాటలో బీడీలు చుడుతూ ఉంది. మొగుడు వంట చేస్తున్నాడన్న మాట ఆమె వినడం అదే మొదలు. చేతులు ఆగాయి. ఆమె మొగుడి వేలి మీది మచ్చ వైపు చూసింది, మళ్లీ ఆకు తీసుకుంది. అందరూ పోయాక తమ్ముడితో అంది.

"మైకుల చెప్పినవు. ఇంట్ల కూసోని కాదంటె ఎవడు నమ్ముతడు? మైకులనే కాదను."

అట్లా అంటే తన ఉద్యోగం పోతుందని అంబదాస్ చెప్పాడు. కిష్టవ్వ చుట్టిన బీడీలను కట్ట కట్టింది. మళ్లీ చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమెకూ తమ్ముడి పిల్లలు గుర్తుంటారు కదా.

అంగడి రోజున వ్యాన్ మెట్‌పల్లి వచ్చింది. ఆ వారం కాగితం చిన్న మొత్తాల పొదుపు గురించి. అంబదాస్ దాన్ని మామూలుగానే చదివాడు. చదవడం అయిపోయాక మైకు తీసేయలేదు. గుంజకు తెర కడుతున్న బుచ్చిరాములు తల తిప్పి చూశాడు. అంబదాస్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో మాట. జగిత్యాల మీటింగుల మా బావ హనుమండ్లుకు పని దొరికిందని నేనే చెప్పిన. ఆయన అడవిల కూలీలకు వంట చేస్తుండు. వెదురు కొట్టరాక చెయ్యి కోసుకున్నడు. నేసేటోళ్లకు గాడ పని లేదు. పోయేటోళ్లు గీ సంగతి తెలిసి పోవాలె. నేను చెప్పింది తప్పు."

జనం అదీ విన్నారు, యుద్ధం గురించి విన్నట్టే. ఎవరో ఈ రోజు ఏ సినిమా అని అడిగారు. అంబదాస్ సినిమా పేరు చెప్పి కిందికి దిగాడు. డ్రైవర్ ఒక బీడీ వెలిగించి చేతికిచ్చాడు.

మరునాడు పొద్దున బస్టాండుకు పోయి చూశాడు. దుప్పటి మూటలతో వచ్చినవాళ్లు అనుకున్నంతమంది లేరు. కొందరు ఆగిపోయారు. సాంబయ్య మాత్రం వచ్చాడు, అతనితో ఇంకొందరు. నిన్న నేను చెప్పింది వినలేదా అని అంబదాస్ అడిగాడు. విన్నానన్నాడు.

"నమ్మలేదా?"

"నమ్మిన. గాడ పని లేదు, సరే. ఈడ ఉన్నదా మరి?"

ఇన్నేళ్లుగా అంబదాస్‌కు ఏ ప్రశ్నకైనా ఒక కాగితం ఉండేది. సాంబయ్య మూటను బస్సు పైకెక్కించడానికి ఒక చెయ్యి వేశాడు, అంతే.

సంగతి పైకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. కోదండరామయ్య గారు అంబదాస్‌ను కూర్చోబెట్టారు. తనే జవాబు రాస్తానన్నారు. అనౌన్సరుకు ఆ రోజు చలిజ్వరమని, ఒళ్లు తెలియక మాట తడబడిందని రాశారు. అంబదాస్ అది నిజం కాదనబోయాడు.

"ఉద్యోగమంతా ఇలాంటివి రాస్తూనే గడిపాను అంబదాస్. ఒకటి మీ కోసం రాయనివ్వండి" అన్నారాయన. ఆయాసంతో ఆ మాట రెండు ముక్కలుగా వచ్చింది.

ఆ జవాబును పైవాళ్లు ఒప్పుకున్నారు. కానీ ఏడాది ఖర్చులు తగ్గించాలని మార్చిలో టెంపరరీవాళ్లలో కొందరిని తీసేసినప్పుడు అంబదాస్ పేరు కూడా వచ్చింది. మైకులో చెప్పినదానికి తీశారా, ఖర్చుకు తీశారా అన్నది ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అనసూర్య ఆ రోజు కూడా వేడినీళ్లు పెట్టింది. పిల్లల బడి కరీంనగర్‌లోనే ఉండనిద్దామని ఆమె అంటే, సరేనన్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత భార్యతో ఎంతోసేపు మాట్లాడాడు.

పోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలు ముదరకముందే తిరిగొచ్చేశారు. సాంబయ్య రాలేదు. అడవిలో పని లేకపోతే బెల్లంపల్లి పోయి, గని బయట బొగ్గు ఎత్తే పనిలో చేరాడు. దగ్గు పట్టుకుంది గానీ, నెల నెలా ఇంటికి ఎంతో కొంత అందుతోంది. హనుమండ్లు మళ్లీ అడవికి పోలేదు. వందమందికి వండడం చేతికొచ్చింది కాబట్టి, మెట్‌పల్లి, కోరుట్లలో పెళ్లిళ్లకు వంటకు పిలుస్తున్నారు. పెళ్లిళ్లు లేని నెలల్లో పెళ్లాంతో కూర్చుని బీడీలు చుడతాడు.

వైశాఖంలో ఒకనాడు కరీంనగర్ బస్టాండులో కోదండరామయ్య గారు కనబడ్డారు. రిటైరై ఊరికి పోతున్నారు. సామాను ముందే పంపించేసి, చిన్న ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. పక్కన చాయ దుకాణంలో అంబదాస్ చాయ ఇప్పించాడు. ఇప్పుడేం చేస్తున్నారని ఆయన అడిగారు. ఒక టాకీసువాళ్లకు జట్కా మీద తిరుగుతూ మైకులో సినిమా చెబుతున్నానన్నాడు.

"జనం నమ్ముతున్నారా?"

"బాగలేకుంటె తెల్లారి రారు సార్. మనను ఏం అడుగరు."

ఆయన నవ్వబోయి దగ్గారు. విజయవాడ రైలు కోసం కాజీపేట పోయే బస్సు వచ్చి ఆగింది. అంబదాస్ ట్రంకు పెట్టెను పైకి అందించి, మనుషులను తప్పించుకుంటూ లోపలికెక్కి, ఆయనకు ఎండ తగలని వైపు కిటికీ పక్కన చోటు పట్టాడు. ఆయన కూర్చుని ఉత్తరం రాయమని అడ్రసు చెప్పారు. అంబదాస్ అది రెండుసార్లు పైకి అనుకుని దిగాడు. బస్సు కదిలాక జట్కా ఉన్న వైపు నడిచాడు. మూడు గంటల ఆటకు ఇంకా ఊరు సగం తిరగవలసి ఉంది.